ఒకే కుటుంబం, మూడు సరిహద్దులు: అబుదాబిలో ఫోన్ అడిగారన్న ప్రశ్నకు నా జవాబు

ముందు మీ ప్రశ్న నాకు అర్థమైనట్టు చెప్తాను. మీరు హెచ్1బీ మీద డాలస్‌లో ఉంటున్నారు. మీ అక్క సిటిజన్ కాబట్టి అమ్మగారికి గ్రీన్ కార్డు వచ్చింది. మీ పాపకు ఆరేళ్లు, ఇక్కడే పుట్టింది, అమెరికా పాస్‌పోర్టు ఉంది. ముగ్గురూ హైదరాబాద్ నుంచి అబుదాబి, షికాగో మీదుగా వచ్చారు. అబుదాబిలోనే అమెరికా ఆఫీసర్లు ఇమ్మిగ్రేషన్ చెక్ చేశారు. మిమ్మల్ని పక్కకు పిలిచి ఫోన్, పాస్‌వర్డ్ అడిగి ఇరవై నిమిషాలు చూశారు. ఏడు నెలలు ఇండియాలో ఎందుకున్నారని అమ్మగారిని మూడుసార్లు అడిగారు. పాపను మాత్రం ‘వెల్‌కమ్ హోమ్’ అని పంపేశారు. మీరు అడుగుతున్నది: అది ఎమిరేట్స్ గడ్డ కదా, అక్కడ అమెరికాకు ఏం అధికారం? ఫోన్ ఇవ్వనని అనొచ్చా? ఒకే ఇంటి మనుషులకు మూడు రకాల చట్టమా? డిసెంబర్‌లో మళ్లీ వెళ్లొస్తున్నాం, ఏం జాగ్రత్తలు తీసుకోవాలి?

సూటిగా చెప్తాను. ఫోన్ చూసే అధికారం వాళ్లకు ఉంది. పాస్‌వర్డ్ ఇవ్వనని చెప్పే వీలు మీ ముగ్గురికీ ఉంది. కాకపోతే అలా చెప్పిన తర్వాత జరిగేది ముగ్గురికీ ఒకేలా ఉండదు. సిటిజన్‌ని దేశంలోకి రాకుండా ఆపలేరు, ఫోన్ మాత్రం తీసి పెట్టుకోవచ్చు. గ్రీన్ కార్డు ఉన్న మనిషిని పాస్‌వర్డ్ ఇవ్వలేదన్న ఒక్క కారణంతో వెనక్కి పంపలేరు, కానీ ప్రశ్నలు పెరుగుతాయి. వీసా మీద ఉన్న మిమ్మల్ని మాత్రం ‘ఎంట్రీ లేదు’ అని ఆపేయొచ్చు. అబుదాబి విషయానికొస్తే, ఆ అధికారాన్ని ఎమిరేట్స్ ప్రభుత్వమే ఒప్పందం చేసుకుని ఇచ్చింది.

నేను 2009 నుంచి టెక్సస్‌లో ఇమ్మిగ్రేషన్ లాయర్‌గా పనిచేస్తున్నాను. నా దగ్గరికి వచ్చేవాళ్లలో సగానికి పైగా తెలుగువాళ్లే. ఈ పదహారేళ్లకు పైగా నేను చూసిన పెద్ద మార్పు ఒకటే. సరిహద్దు అంటే మ్యాప్ మీద గీత అనుకుని ఈ పనిలోకి వచ్చాను. ఇప్పుడది మనిషితో పాటే నడుస్తోంది. కొందరికి అది ఇంటి గుమ్మంలో మొదలై ఏళ్ల తరబడి వెంట వస్తుంది, కొందరికి ఒక్క కౌంటర్ దగ్గరే అయిపోతుంది. మీ కుటుంబంలో ముగ్గురూ ఒకే లైన్‌లో నిలబడ్డా, ఆ గీత ఒక్కొక్కరికీ ఒక్కో దూరంలో ఉంది. మిగతా జవాబంతా దీన్ని వివరించడానికే.

అబుదాబి గది ఎవరిది?

దీన్ని ప్రీక్లియరెన్స్ అంటారు. 1952లో టొరంటోలో మొదలైంది. ఇప్పుడు కెనడా, ఐర్లాండ్, బహామాస్, బెర్ముడా, అరూబా, ఎమిరేట్స్‌లో ఉంది. అబుదాబిలో 2014 జనవరిలో తెరిచారు. అక్కడే మిమ్మల్ని అమెరికాలోకి అనుమతించినట్టు లెక్క. అందుకే షికాగోలో దిగాక డొమెస్టిక్ ప్రయాణికుల్లా నేరుగా బయటికి నడిచి వచ్చేశారు.

ఎమిరేట్స్ తన భూమిని అమెరికాకు ఇచ్చేయలేదు. ఆ గదిలో ఎవరైనా నేరం చేస్తే అరెస్టు చేసేది అక్కడి పోలీసులే, అమెరికా ఆఫీసర్లకు ఆ అధికారం లేదు. కానీ ఎవరు విమానం ఎక్కాలో తేల్చే అధికారం, సామాను, ఫోన్ వెతికే అధికారం వీళ్లకు ఇచ్చారు. సార్వభౌమాధికారం అంటే తన గడ్డ మీద తనదే చివరి మాట అని సివిక్స్ పుస్తకాల్లో చదువుకున్నాం. ఇక్కడ ఆ అధికారాన్ని ఒక దేశం ముక్కలు చేసి, ఒక ముక్కను మరో దేశానికి అప్పగించింది. ఆ దేశానికి విమాన ప్రయాణికులు పెరుగుతారు, అమెరికాకు తన గేటు పదకొండు వేల కిలోమీటర్లు ముందుకు జరుగుతుంది. మధ్యలో ఉన్న ప్రయాణికుడికి ఏ దేశపు కోర్టు తలుపు తట్టాలో తెలియదు. దీనికి లాయర్‌గా నా దగ్గర కూడా మంచి జవాబు లేదు.

మీకు పనికొచ్చే తేడా ఒకటుంది. అమెరికాలో దిగాక మీకు ప్రవేశం లేదనుకుంటే, ఆఫీసర్ ‘ఎక్స్‌పెడైటెడ్ రిమూవల్’ రాసి, జడ్జిని చూపించకుండానే పంపొచ్చు. ఐదేళ్లు మళ్లీ రాకుండా నిషేధం పడుతుంది. ఇది 1996 చట్టంతో వచ్చింది. అబుదాబిలో అయితే మీరింకా అమెరికాలో అడుగు పెట్టలేదు. వెనక్కి తిరిగి హైదరాబాద్ వెళ్లిపోవచ్చు. వీసా రద్దయ్యే ప్రమాదం మాత్రం అక్కడా ఉంది. అందుకని వీసా మీద ఉన్నవాళ్లకు ప్రీక్లియరెన్స్ కొంత నయం, ఎక్కువ కాలం బయట ఉండి వస్తున్న గ్రీన్ కార్డు పెద్దవాళ్లకు మాత్రం నేను అది వద్దంటాను. కారణం అమ్మగారి గురించి చెప్పేటప్పుడు చెప్తాను.

గేటు అబుదాబి కంటే ముందే మొదలైంది

2015 డిసెంబర్‌లో కాలిఫోర్నియాలోని రెండు విద్యాసంస్థల్లో చేరడానికి బయల్దేరిన తెలుగు పిల్లల్ని శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి వెనక్కి పంపారు. ఆ వార్త రాగానే, చేతిలో వీసా ఉన్న మరికొందరిని హైదరాబాద్ ఎయిర్‌పోర్టులోనే విమానం ఎక్కనివ్వలేదు. అలా ఆపింది ఇమ్మిగ్రేషన్ ఆఫీసర్ కాదు, ఎయిర్‌లైన్ కౌంటర్. అమెరికా రానివ్వని మనిషిని తీసుకొస్తే తిరిగి తీసుకెళ్లే ఖర్చు ఎయిర్‌లైన్‌దే. సరైన కాగితాలు లేనివాళ్లను తీసుకొస్తే జరిమానా కూడా. అందుకే బోర్డింగ్ పాస్ ఇచ్చే అమ్మాయి కూడా మన కాగితాలు తిప్పి తిప్పి చూస్తుంది. ఆమె తీసుకున్న నిర్ణయం మీద అప్పీలు ఎక్కడ చేసుకోవాలి? 2023 ఆగస్టులో అట్లాంటా, షికాగో, శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి ఇరవై ఒక్కమందిని పంపేసినప్పుడు కూడా వాళ్లలో ఎక్కువమంది ఆంధ్ర, తెలంగాణ పిల్లలే.

ఇంకా వెనక్కి వెళ్తే, వీసా ఫారంలోనే సరిహద్దు మొదలవుతుంది. 2019 నుంచి డీఎస్-160లో గత ఐదేళ్లలో వాడిన సోషల్ మీడియా ఖాతాల పేర్లు రాయాలి. 2025 జూన్ నుంచి స్టూడెంట్ వీసా అడిగేవాళ్లు ఆ ఖాతాలను పబ్లిక్‌గా పెట్టాలన్నారు. 2025 డిసెంబర్ 15 నుంచి అదే నియమం హెచ్1బీ వాళ్లకూ, హెచ్4 మీద ఉండే వాళ్ల కుటుంబాలకూ వర్తిస్తోంది. అప్పుడే స్టాంపింగ్‌కి, అంటే పాస్‌పోర్టులో వీసా వేయించుకోవడానికి, ఇండియా వెళ్లిన ఎంతోమంది అపాయింట్‌మెంట్లు నెలల తరబడి వెనక్కి జరిగాయి. భార్యాపిల్లలు ఇక్కడ, భర్త అక్కడ, జీతం ఆగిపోయింది, ఇంటి ఇన్‌స్టాల్‌మెంట్ మాత్రం ఆగదు. అలాంటివాళ్లతో ఆ రెండు నెలలు రోజూ మాట్లాడాను. ఒకాయన తన పాత పోస్టులన్నీ చదివి వినిపించి, ‘ఇందులో ఏదైనా తప్పుందా మేడమ్’ అని అడిగారు. పదిహేనేళ్లుగా పన్ను కడుతున్న మనిషి, ఇంజనీరు. తన మాటల్ని తానే భయంగా వెతుక్కుంటున్నాడు. నిఘా చేసే పెద్ద నష్టం అదేనని నా అభిప్రాయం. ఎవరూ చదవకముందే మనిషి మాట మింగేస్తాడు.

ఇక ఫోన్ సంగతి

2014లో అమెరికా సుప్రీంకోర్టు, పోలీసులు అరెస్టు చేసిన మనిషి ఫోన్ చూడాలన్నా వారెంట్ కావాలని చెప్పింది. సరిహద్దులో మాత్రం ఆ రక్షణ అలాగే వర్తించదు. అక్కడ వెతకడానికి వారెంట్ అక్కర్లేదన్న పాత సూత్రం ఇంకా నడుస్తోంది. కోర్టుల మధ్య ఏకాభిప్రాయం లేదు. మన టెక్సస్ మీద అధికారం ఉన్న ఐదో సర్క్యూట్ కోర్టు, చేత్తో స్క్రోల్ చేసి చూడటానికి అనుమానం కూడా అవసరం లేదని 2023లో చెప్పింది. కాలిఫోర్నియా వైపు కోర్టు, మెషీన్ పెట్టి డేటా లాగాలంటే గట్టి కారణం కావాలంది. న్యూయార్క్‌లో ఇద్దరు జిల్లా జడ్జిలు, ఒకరు 2023లో, ఒకరు 2024లో, ఫోన్‌కి వారెంట్ కావాల్సిందే అన్నారు. ఏ ఎయిర్‌పోర్టులో దిగారన్న దాన్ని బట్టి హక్కు మారుతోందన్నమాట.

కస్టమ్స్ వాళ్ల సొంత నియమాలు 2018 జనవరి నాటివి. వాటిలో మనకు ముఖ్యమైనవి రెండు. ఫోన్‌లో ఉన్నదే చూడాలి, ఇంటర్నెట్‌లో మాత్రమే ఉన్నది తెరవకూడదు. అందుకే నెట్‌వర్క్ ఆపి చూడాలి. మెషీన్ తగిలించి చూడాలంటే సహేతుకమైన అనుమానమో, దేశభద్రతకు సంబంధించిన ఆందోళనో ఉండాలి, పైఅధికారి అనుమతి కావాలి. ఫోన్ ఉంచేసుకుంటే రసీదు ఇవ్వాలి, మామూలుగా ఐదు రోజులు దాటకూడదు.

ఎంతమందికి ఇలా జరుగుతుంది? 2024 ఆర్థిక సంవత్సరంలో దాదాపు 42 కోట్ల రాకపోకల్లో 47 వేలకు పైగా పరికరాలు చూశారు. అంటే చాలా తక్కువ. మీ ఫోన్ చూశారు కాబట్టి మీ మీద కేసేదో ఉందని టెన్షన్ పడొద్దు.

అయితే ఆ కొద్దిమందిలో స్టూడెంట్ ఉంటే కథ వేరు. నా దగ్గరికి వచ్చిన ఒక కేసు చెప్తాను. ఒక అబ్బాయి సెలవులకి వరంగల్ వెళ్లి తిరిగి వస్తున్నాడు. సెకండరీలో, అంటే పక్కకు పిలిచి మరోసారి ప్రశ్నించే గదిలో, ఫోన్ ఇచ్చాడు. వాట్సాప్‌లో రూమ్మేట్‌తో ‘ఈ వీకెండ్ గ్యాస్ స్టేషన్‌లో నా షిఫ్ట్ నువ్వు చెయ్’ అన్న పాత మెసేజ్ ఉంది. తెల్లవారుజామున నాలుగింటికి వాళ్ల అన్న నాకు ఫోన్ చేశాడు. నేను ఆ ఎయిర్‌పోర్టుకి ముప్పావు గంట దూరంలో ఉన్నాను. వెళ్లినా లాభం లేదు, ఎందుకంటే ప్రవేశం కోరుతూ లైన్‌లో ఉన్న మనిషికి అక్కడ లాయర్‌ని పెట్టుకునే హక్కు లేదు. సాయంత్రం విమానంలో పంపేశారు. అప్పు చేసి మాస్టర్స్‌కి వచ్చిన పిల్లాడు, ఒక్క సెమిస్టర్ మిగిలింది. అనుమతి లేకుండా పనిచేయడం తప్పే, నేనది సమర్థించను. కానీ అదే మెసేజ్ ఊళ్లో ఒక పోలీసు వారెంట్ లేకుండా ఫోన్ లాక్కుని చదివితే జడ్జి ఒప్పుకునేవాడు కాదు.

ఒకే ఇంట్లో మూడు చట్టాలు ఎందుకు?

దీని వేరు 1889 నాటి ఒక కేసులో ఉంది. చే చాన్ పింగ్ అనే చైనా కార్మికుడు పన్నెండేళ్లు కాలిఫోర్నియాలో పనిచేశాడు. 1887లో, తిరిగి రావడానికి సర్టిఫికెట్ తీసుకున్నాకే సొంత ఊరికి వెళ్లాడు. అతను తిరిగొస్తూ ఓడలో ఉండగానే, 1888 అక్టోబర్ 1న, ఆ సర్టిఫికెట్లన్నీ చెల్లవని చట్టం వచ్చింది. వారం తర్వాత శాన్‌ఫ్రాన్సిస్కోలో దిగనివ్వలేదు. పరాయి వాళ్లను రానివ్వకపోవడం సార్వభౌమాధికారంలో భాగమని, అందులో కోర్టు పెద్దగా జోక్యం చేసుకోదని సుప్రీంకోర్టు చెప్పింది. వీసా మీద ఉన్న ప్రతి ఒక్కరి తల మీద ఇప్పటికీ ఆ తీర్పు నీడ ఉంది.

2025 సెప్టెంబర్ 19 రాత్రి గుర్తుందా? హెచ్1బీకి లక్ష డాలర్ల ఫీజు అన్న ప్రకటన వచ్చింది. ఇండియాకి బయల్దేరి విమానంలో సీట్లో కూర్చున్నవాళ్లు దిగిపోయారు. మర్నాడు, ఇది కొత్త పిటిషన్లకే అని వివరణ ఇచ్చారు. ఆ ఇరవై నాలుగు గంటల్లో నాకు వచ్చిన ఫోన్లన్నిటిలో నాకు వినిపించింది చే చాన్ పింగ్ గొంతే. ఓడ ఎక్కేటప్పుడు ఉన్న చట్టం దిగేటప్పుడు ఉంటుందో లేదో అన్న భయం.

విచిత్రమేమిటంటే మీ పాప సిటిజన్‌షిప్‌కి బలం కూడా అదే ఓడరేవులో పుట్టింది. వాంగ్ కిమ్ ఆర్క్ 1873లో శాన్‌ఫ్రాన్సిస్కోలో పుట్టాడు, తల్లిదండ్రులు చైనావాళ్లు. 1895లో చైనా వెళ్లి వస్తుంటే, నువ్వు సిటిజన్‌వి కాదని నెలల తరబడి ఓడల్లోనే ఉంచేశారు. అతను పోరాడితే 1898లో సుప్రీంకోర్టు, ఇక్కడ పుట్టాడు కాబట్టి సిటిజనే అంది. తల్లిదండ్రుల వీసాతో సంబంధం లేకుండా మీ పాప చేతిలో నీలి పాస్‌పోర్టు ఉందంటే, ఓడలో మగ్గిన ఆ మనిషి వల్లే. 2025 జనవరి 20 నాటి అధ్యక్ష ఉత్తర్వు దీన్ని మార్చాలని చూసింది. కింది కోర్టులు ఆపాయి, విషయం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. ఆ ఉత్తర్వు రాసింది కూడా అది వచ్చిన నెల తర్వాత పుట్టేవాళ్ల గురించే, కాబట్టి ఆరేళ్ల మీ పాప దాని పరిధిలోకి రాదు.

మనవాళ్లు సిటిజన్‌షిప్‌ని ఇక తిరుగులేనిదిగా చూస్తారు. 1923లో భగత్ సింగ్ తింద్ కేసులో, భారతీయులు చట్టం చెప్పే ‘తెల్లవాళ్లు’ కారని సుప్రీంకోర్టు తేల్చాక, అప్పటికే సిటిజన్‌షిప్ వచ్చిన భారతీయుల్లో చాలామంది నుంచి దాన్ని వెనక్కి తీసుకున్నారు. మళ్లీ మనకు ఆ తలుపు తెరుచుకుంది 1946లో. భయపెట్టడానికి చెప్పట్లేదు. నిరుడు సిటిజన్ అయిన ఒక పెద్దాయన, ‘ఇక మనకెందుకమ్మా ఈ గొడవలు’ అని నాతో అన్నారు. అప్పుడు నాకు బాధ కలిగింది. ఆయన కొడుకే రెండేళ్ల కింద వీసా మీద సెకండరీలో ఆరు గంటలు కూర్చున్నాడు.

సిటిజన్లకు కూడా ఇప్పుడు హక్కు సన్నబడుతోంది. ‘లోపలికి రానివ్వాల్సిందే’ అన్నది గట్టిగానే ఉంది. కానీ ‘నా ఫోన్, నా ఉత్తరాలు నావి’ అన్నది ఆ కౌంటర్ దగ్గర వాళ్లకూ లేదు. ముఖం ఫొటో విషయంలో మాత్రం తేడా స్పష్టం. సిటిజన్ వద్దనొచ్చు, పాస్‌పోర్టు చేత్తో చూడమనొచ్చు. తీసినా పన్నెండు గంటల్లో తీసేస్తామంటారు. సిటిజన్లు కాని మనవాళ్ల ఫొటోలు డెబ్బై ఐదేళ్ల వరకు ఉంచొచ్చు, వద్దనే వీలు లేదు. 2025 డిసెంబర్ 26 నుంచి దేశం వదిలి వెళ్లేటప్పుడు కూడా సిటిజన్లు కానివాళ్లందరి ఫొటోలు తీయొచ్చన్న నియమం అమల్లోకి వచ్చింది.

అమ్మగారి గురించి ఎక్కువ చెప్పాలి

మీ ముగ్గురిలో నాకు దిగులు ఆమె గురించే. ఫోన్ గురించి మీరు నాలుగు పేరాలు రాశారు, ఆమె గురించి రెండు లైన్లు. ఏడు నెలలు అంటే నూట ఎనభై రోజులు దాటాయి. దాటితే చట్టం ఆమెను తిరిగి ఇంటికొచ్చిన మనిషిగా కాకుండా, కొత్తగా ప్రవేశం అడుగుతున్న మనిషిగా చూడొచ్చు. ఏడాది దాటితే రీఎంట్రీ పర్మిట్ (ఎక్కువకాలం బయట ఉండి తిరిగి రావడానికి ముందే అడిగే అనుమతి పత్రం) లేకుండా కార్డు ఒక్కటే చాలదు.

మన పెద్దవాళ్లకు ఇక్కడి చలి పడదు. నవంబర్‌లో వెళ్తారు, ఎండాకాలం మామిడికాయ పచ్చళ్లు పెట్టుకుని జూన్‌లో వస్తారు. పొలం కౌలు, పెన్షన్ కాగితం, చెల్లెలి కూతురి పెళ్లి. ప్రతి ఏడాదీ ఇలాగే జరిగితే ఆఫీసర్‌కి అనుమానం వస్తుంది: ఈమె నిజంగా ఇక్కడ ఉంటోందా, కార్డు కోసం వచ్చిపోతోందా? అప్పుడు ఐ-407 అనే ఫారం ముందు పెట్టొచ్చు. గ్రీన్ కార్డు నా ఇష్టపూర్వకంగా వదులుకుంటున్నాను అని అందులో ఉంటుంది.

ఆ ఫారం మీద సంతకం చేయాల్సిన అవసరం ఆమెకు లేదు. చేయనంటే గ్రీన్ కార్డు అక్కడికక్కడ పోదు. ఇమ్మిగ్రేషన్ జడ్జి ముందు చెప్పుకునే హక్కు ఆమెకు ఉంది. ఆమె తన నివాసం వదులుకుందని రుజువు చేయాల్సిన భారం ప్రభుత్వానిదే, అదీ చాలా గట్టి రుజువు కావాలి. కార్డు తీసుకున్నా, స్టేటస్ చూపే తాత్కాలిక కాగితం ఇవ్వాలి.

మూడేళ్ల కింద ఒకావిడ, డెబ్బై రెండేళ్లు, ఒంటరిగా వచ్చారు. ఎనిమిది నెలలు ఊళ్లో ఉన్నారు, భర్తకు గుండె ఆపరేషన్. ఒక ఎయిర్‌పోర్టులో, ఇంగ్లిషు సరిగా రాక, ఏదో లోపలికి వెళ్లే ఫారం అనుకుని సంతకం చేసేశారు. భర్త ఆపరేషన్ కాగితాలు ఆమె హ్యాండ్ బ్యాగులోనే ఉన్నాయి. ఎవరూ అడగలేదు, ఆమె తీసి చూపించలేదు. మనవరాలి బారసాలకి వచ్చిన మనిషి పది రోజుల్లో వెనక్కి వెళ్లారు. ఆ సంతకం బలవంతంగా జరిగిందని నిరూపించడానికి నేను చేసిన ప్రయత్నం ఫలించలేదు. అప్పటి నుంచి గ్రీన్ కార్డు ఉన్న ప్రతి తల్లిదండ్రులకూ ఆ ఫారం నమూనా ప్రింట్ తీసి చూపిస్తున్నాను.

అబుదాబి వద్దన్నది ఇందుకే. జడ్జి ఉన్నది అమెరికాలో. అమ్మగారు షికాగోలోనో డాలస్‌లోనో నిలబడి ‘జడ్జి దగ్గర చెప్పుకుంటాను’ అంటే ఆ మాటకు బలం ఉంది. విమానం ఎక్కకముందే ఆగిపోతే ఆ జడ్జిని చేరడానికే యుద్ధం చేయాలి.

లోపల కూడా గీత ఉంది

మీరు అడగలేదు గానీ, డాలస్‌లో ఉన్నారు కాబట్టి చెప్తున్నా. సౌత్ పాద్రే బీచ్‌కి వెళ్లి తిరిగి వచ్చే దారిలో, 77వ నంబరు హైవే మీద సరిటా దగ్గర, 281వ నంబరు హైవే మీద ఫాల్‌ఫూరియస్ దగ్గర బోర్డర్ పెట్రోల్ చెక్‌పోస్టులు ఉన్నాయి. మీరు మెక్సికో వైపు వెళ్లనే లేదు, అయినా కారు ఆపి ‘అందరూ సిటిజన్లేనా’ అని అడుగుతారు. ఇవి చెల్లుతాయని సుప్రీంకోర్టు 1976లోనే చెప్పింది. దేశపు అంచు నుంచి, సముద్ర తీరం కూడా కలిపి, వంద మైళ్ల లోపల బోర్డర్ పెట్రోల్‌కు ప్రత్యేక అధికారాలు ఉన్నాయి. అమెరికా జనాభాలో దాదాపు మూడింట రెండొంతుల మంది ఆ పట్టీలోనే బతుకుతున్నారు. హ్యూస్టన్ అందులోకి వస్తుంది, మీ డాలస్ రాదు. చెక్‌పోస్టు కాని చోట రోడ్డు మీద కారు ఆపాలంటే మాత్రం వాళ్లకు కారణం ఉండాలి. పద్దెనిమిదేళ్లు దాటిన, సిటిజన్ కాని ప్రతి మనిషీ తన స్టేటస్ కాగితం వెంట ఉంచుకోవాలన్నది చట్టం. మీ ఐ-94 (దేశంలోకి వచ్చినట్టు చూపే రికార్డు) ప్రింట్ తీసి కారులో కాకుండా పర్సులో పెట్టుకోండి. అమ్మగారి గ్రీన్ కార్డు ఇంట్లో బీరువాలో భద్రంగా దాచకండి, మనవాళ్లు ఎక్కువగా చేసే పొరపాటు అది.

కాలికి పట్టీ కట్టిన రోజులు కూడా చూశాను. 2011 జనవరిలో కాలిఫోర్నియాలో ట్రై వ్యాలీ యూనివర్సిటీ మూసేసినప్పుడు, వీసా మోసం చేసింది ఆ సంస్థ నడిపినావిడ. ఆమెకు 2014లో పదహారేళ్లకు పైగా శిక్ష పడింది. కానీ ముందు జీపీఎస్ పట్టీలు పడింది మన పిల్లల కాళ్లకు. ఇప్పుడు పట్టీ కనిపించదు, సెవిస్ అనే ప్రభుత్వ స్టూడెంట్ డేటాబేస్ రికార్డులో ఉంటుంది. 2025 వసంతంలో 13 లక్షల మంది స్టూడెంట్ల పేర్లను పోలీసు డేటాబేస్‌తో కలిపి చూసి, 6,400 పేర్లు తగిలాయని, వేల రికార్డులు రద్దు చేశారు. అందులో స్పీడింగ్ టికెట్లు, కొట్టేసిన కేసులు కూడా ఉన్నాయి. కోర్టులు వరసగా తప్పుబట్టాక ఏప్రిల్ చివర్లో తిరిగి ఇచ్చారు. ఆ మూడు వారాల్లో భయపడి దేశం వదిలి వెళ్లిపోయిన పిల్లలు నాకు తెలుసు. వాళ్లు వెళ్లకుండా కోర్టుకు వచ్చి ఉంటే బాగుండేది.

డిసెంబర్ ప్రయాణానికి

మీ విషయంలో: ఐ-797 (హెచ్1బీ మంజూరైనట్టు ఇచ్చే నోటీసు), తాజా పే స్లిప్పులు, కంపెనీ లెటర్ కాగితం మీద పెట్టుకోండి, ఫోన్‌లో మాత్రమే ఉంచకండి. కౌంటర్‌కి ముందు ఫోన్ స్విచ్ ఆఫ్ చేయండి, అప్పుడు ముఖం చూపితే తెరుచుకోదు. ప్రయాణం ముందు రోజు ఫోన్ మొత్తం తుడిచేయకండి, అది కొత్త ప్రశ్నలు తెస్తుంది. అవసరం లేని పాత గ్రూపులు ఎప్పుడో ఒకప్పుడు ప్రశాంతంగా తగ్గించుకోండి. పాస్‌వర్డ్ అడిగితే మీ స్టేటస్‌లో ఇవ్వడమే మంచిదని నేను నిజాయితీగా చెప్తాను, నాకది ఇష్టం లేకపోయినా. ఇచ్చాక బయటికొచ్చి మార్చేయండి. లాయర్‌తో మాట్లాడిన మెసేజ్‌లు ఉంటే ఆ మాట ముందే చెప్పండి, వాటికి వేరే పద్ధతి ఉంది. తెలియనిది తెలియదనండి. అబద్ధం మాత్రం వద్దు, ఫోన్ కంటే అబద్ధం వల్ల పోయిన వీసాలే ఎక్కువ చూశాను.

అమ్మగారి విషయంలో: ఈసారి నూట ఎనభై రోజులు దాటనివ్వకండి. టెక్సస్ ఐడీ, బ్యాంకు ఖాతా, ఇక్కడ ఫైల్ చేసిన టాక్స్ రిటర్న్, డాక్టర్ రికార్డులు, తిరుగు టికెట్ ఒక ఫైల్‌లో పెట్టి ఆమె చేతికే ఇవ్వండి, మీ బ్యాగులో కాదు. మిమ్మల్ని వేరే గదికి తీసుకెళ్తే ఆమె ఒంటరిగా ఉంటారు. ఎక్కువకాలం ఉండాల్సి వస్తే బయల్దేరక ముందే, ఆమె అమెరికాలో ఉండగానే, రీఎంట్రీ పర్మిట్‌కి అప్లై చేయండి.

పాప పాస్‌పోర్టు గడువు చూసుకోండి. పిల్లల పాస్‌పోర్టు ఐదేళ్లే, చాలామంది పదేళ్లనుకుంటారు.

ఇంకొక్కటి. ఒక అట్ట ముక్క మీద పెద్ద అక్షరాలతో, ‘నాకు తెలుగు ఇంటర్‌ప్రెటర్ కావాలి. నేను చదివి అర్థం చేసుకోకుండా ఏ ఫారం మీదా సంతకం చేయను. జడ్జిని కలుస్తాను’ అని ఇంగ్లిషులో రాసి, కింద అదే తెలుగులో రాసి, ఆమె గ్రీన్ కార్డు వెనకే పర్సులో పెట్టండి. బయల్దేరే ముందు రెండుసార్లు ఆమెతో పైకి చదివించండి. నా క్లయింట్లలో ఇద్దరు పెద్దవాళ్లు ఆ అట్ట తీసి కౌంటర్ మీద పెట్టారు. ఇద్దరికీ ఇంటర్‌ప్రెటర్‌ని ఫోన్‌లో పిలిచారు, ఇద్దరూ ఆ రాత్రికే ఇంటికి చేరారు.